మన్యం చలిలో మొరాయించే డీజిల్ బండ్లు - పొగ చూసి రోగం చెప్పవచ్చు

చింతపల్లి: డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, చింతపల్లి ప్రాంతాలలో తెల్లవారుజామున వినిపించేది కోడికూత ఒకటైతే, స్టార్టు కాని పికప్ వ్యాను సెల్ఫ్ మోత రెండవది. ఉష్ణోగ్రత సున్నాకు చేరువగా పడిపోయిన రోజున ఎండ ఎక్కితేగాని కొన్ని బండ్లు కదలవు. కూరగాయల లోడు నర్సీపట్నానికి పొద్దెక్కి చేరితే బేరం పోతుంది. అందుకే రాత్రి బండిని పల్లంలో నిలిపి, చక్రం కింద రాయి పెట్టి, పొద్దున్నే రాయి తీసి గేరులో వదిలే అలవాటు డ్రైవర్లలో వున్నది.

ఘాట్ రోడ్డు మీద ఇది చెయ్యదగిన పని కాదు. ఇంజను నడవనిదే బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ అందదు, పెడలు రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ బండి అయితే స్టీరింగూ మొండికేస్తుంది. మంచు తెరలో, మలుపు ముందు, లోడుతో ఇలా దిగడమంటే ప్రాణం మీదకు తెచ్చుకోవడమే.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ వుండదు. సిలిండరులో గాలిని పదిహేను, ఇరవై వంతులకు అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లటి ఇనుము ఆ వేడిని లాగేస్తుంది. ఆయిలు చిక్కబడి, బ్యాటరీ నీరసించి ఇంజను నెమ్మదిగా తిరిగితే వేడి అసలే చాలదు.

కనుక సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒక మనిషిని సైలెన్సరు దగ్గర నిలబెట్టాలి. తెల్లపొగ దట్టంగా వస్తుంటే డీజిల్ వెళుతున్నది గాని అంటుకోవడం లేదని అర్థం. పొగ బొత్తిగా రాకపోతే డీజిలే అందడం లేదు. ఈ ఒక్క ముక్క తెలియక, బాగున్న పంపును విప్పించుకున్న వాళ్లు లేకపోలేదు.

తెల్లపొగ వస్తే ముందు బ్యాటరీ చూడాలి. నిండుగా చార్జి వున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు తొమ్మిదిన్నరకు దిగువకు పడిపోతే లోపం బ్యాటరీదో, టెర్మినళ్లదో. ఇంజను నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ తీగ తుప్పు పట్టి వుండడం తరచు జరిగేదే గాని, దానివైపు చూసేవారు తక్కువ.

తరువాత హీటర్ ప్లగ్గులు. తాళం తిప్పగానే వెలిగే పసుపు దీపం ఆరిపోయింది గనుక హీటర్లు పనిచేస్తున్నాయనుకోవడం పొరపాటు. చాలా బండ్లలో ఆ దీపం కాలం లెక్కన ఆరిపోతుంది, అంతే. ప్లగ్గుల తీగ విప్పి, టెస్ట్ ల్యాంపు ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించి, రెండవ కొసతో ఒక్కొక్క ప్లగ్గు తలను తాకాలి. ల్యాంపు వెలగని ప్లగ్గు కాలిపోయినట్లే. అన్నీ వెలిగితే కరెంటు ఇచ్చే రిలే, ఫ్యూజులను అనుమానించాలి. హీటర్లు లేని పాత ఇంజన్లకు ఈ బాధ లేదు.

పొగ రాని బండికి సాధారణంగా గాలి పట్టి వుంటుంది. పైపు జాయింటులో సన్నని సందు వుంటే రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. ఫిల్టరు మీది హ్యాండ్ ప్రైమరును గట్టిపడేదాకా నొక్కాక స్టార్టయితే అనుమానం తీరినట్లే. ఆ సందు బయటకు కారకపోవచ్చు, లోపలికి గాలి పీలుస్తుంది గనుక. ఫిల్టరు అడుగు నీళ్లు కూడా వంచాలి. కామన్ రైలు ఇంజన్లలో మాత్రం నాజిల్ పైపులు వదులు చేసి చూడరాదు. వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుపోతుంది.

డీజిల్ గడ్డకట్టిందనే మాట కూడా వినిపిస్తుంటుంది. అది లడఖ్ సమస్య. 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీలదాకా గడ్డకట్టని డీజిల్‌ను ప్రవేశపెట్టింది అక్కడికే. మన్యం చలికి ఆ నెపం అంతగా అతకదు.

ఇక ఇంజను కింద మంట పెట్టడం, హీటర్లున్న ఇంజనులోకి ఈథర్ స్ప్రే కొట్టడం రెండూ ప్రమాదమే. వేడెక్కిన ప్లగ్గుకు ఈథర్ తగిలి పేలితే పిస్టను విరుగుతుంది. పైన చెప్పినవన్నీ సవ్యంగా వుండి, మధ్యాహ్నం చక్కగా స్టార్టయి, తెల్లవారితే మాత్రం తెల్లపొగే అయితే కంప్రెషన్ కొలిపించాలి. అది తగ్గిందంటే రింగులో, వాల్వులో అరిగినట్లు. అప్పుడు ఇంజను విప్పక తప్పదు.