గోడకు రంధ్రం సరే.. ఆ పొడి ఎటు పోతోంది?

కొత్త ఇంట్లో దిగేముందు గోడలకు ఎన్ని రంధ్రాలు పడతాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? టీవీ, గీజర్, కర్టెన్ రాడ్లు, ఏసీ, పూజ గది అరలు.. అన్నిటికీ హ్యామర్ డ్రిల్ రావాల్సిందే. ఎలక్ట్రీషియన్ మిషన్‌ను గోడకు ఆనించి నొక్కుతాడు. అర నిమిషంలో రంధ్రం పడుతుంది. మిషన్ పక్కన పెట్టి, రంధ్రంలోకి నోటితో ‘ఉఫ్’మని గట్టిగా ఊదుతాడు. పొడంతా తిరిగొచ్చి మొహానికే కొడుతుంది. తువాలుతో తుడుచుకుని పక్క రంధ్రం మొదలుపెడతాడు.

ఈ మిషన్‌తో ప్రమాదం అనగానే కరెంటు షాక్, బిట్ ఇరుక్కుని చెయ్యి మెలిపడటం గుర్తొస్తాయి. అవీ ఉన్నాయి, కింద చెప్పుకొందాం. కానీ రోజూ ఇదే పని చేసేవారికి నెమ్మదిగా చేటు తెచ్చేది ఆ పొడి. అది దెబ్బ తగిలినట్టు తెలియదు. తెలిసేసరికి పది, పదిహేనేళ్లు గడిచిపోతాయి.

మన రాయిలో ఏముంది?

పశ్చిమ ప్రకాశానికి రాతి పని కొత్త కాదు. మార్కాపురం అంటే ఎందరికో ముందు గుర్తొచ్చేది బడి పలకే. పలకలకు గిరాకీ తగ్గాక అదే రాయి గోడలకు, నేలకు వేసే స్లేట్ టైల్స్‌గా విదేశాలకూ వెళ్తోంది. ఈ రాతి పొరలను భూగర్భ శాస్త్రవేత్తలు మన కంభం పేరుతోనే ‘కంభం ఫార్మేషన్’ అంటారు. ఈ పలకరాయిలోనూ, గిద్దలూరు వైపు నల్లమల కొండల్లోని క్వార్ట్‌జైట్‌లోనూ, ఇంటి కాంక్రీటులో కలిపే ఇసుకలోనూ కనిపించేది ఒకటుంది. అదే పలుగురాయి, అంటే క్వార్ట్జ్. రసాయన భాషలో సిలికా.

రాయిగా ఉన్నంతసేపు అది ఎవరినీ ఏమీ చేయదు. డ్రిల్లు బిట్ కింద నలిగి మెత్తని పొడి అయినప్పుడే చిక్కు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లే సిలికా రేణువులు చాలావరకు 5 మైక్రాన్ల లోపే ఉంటాయి. కంటికి కనిపించే పొడి కాసేపటికి నేల మీదికి దిగుతుంది. కనిపించనిది గదిలో గంటల తరబడి తేలుతుంది. అందుకే పొడి అణిగిందని మాస్కు తీసేయడం తొందరపాటే.

గాలిగదుల్లోకి చేరిన ఈ రేణువులను మన కాపలా కణాలు మింగేస్తాయి. కానీ అరిగించుకోలేక అవే చనిపోతాయి. రేణువు మళ్లీ బయటపడుతుంది, మరో కణం దాన్ని మింగుతుంది. ఈ పోరులో ఊపిరితిత్తుల్లో గట్టి మచ్చలు, గడ్డలు ఏర్పడతాయి. సాగాల్సిన స్పాంజి బిగుసుకుపోతుంది. ఇదే సిలికోసిస్. దీన్ని వెనక్కి తిప్పే మందు లేదు. పొడి మరీ ఎక్కువైతే కొన్నేళ్లలోనే ముదిరిపోవచ్చు.

పలకకు జోడీ బలపం కదా. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో రాతి బలపాలు కోసే కార్మికులు 593 మందిని 1980ల్లో అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ నిపుణులు పరీక్షించారు. సగానికి పైగా మందిలో సిలికోసిస్ బయటపడింది. పిల్లల చేతికి అందే బలపం వెనక అంత ఖరీదు ఉందన్నమాట.

ఎంత పొడి?

12 మిల్లీమీటర్ల బిట్‌తో మూడంగుళాల లోతు రంధ్రం వేస్తే కాంక్రీటు పొడి దాదాపు 20 గ్రాములు వస్తుంది. ఊపిరితిత్తుల అడుగుకు వెళ్లేది అందులో కొద్ది భాగమే. కానీ హద్దు ఎంత చిన్నదో చూడండి. అమెరికాలో 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం, 8 గంటల పనిలో ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాముల సిలికా దాటకూడదు. ఒక పనిరోజులో మనం పీల్చే గాలి సుమారు 10 ఘనపు మీటర్లు. అంటే రోజు మొత్తానికి అర మిల్లీగ్రాము. కిటికీలు మూసిన గదిలో నాలుగు రంధ్రాలు వేసి, నాలుగుసార్లు నోటితో ఊదేవారికి ఈ లెక్క వేరే వివరించక్కర్లేదు.

నీరా, వ్యాక్యూమా?

1890ల్లో అమెరికాలో జార్జ్ లేనర్ అనే ఆయన కొత్త రకం రాతి డ్రిల్లు చేశాడు. బోలు కడ్డీలోంచి గాలి పంపి రంధ్రంలోని పొడిని బయటికి ఊదేయడం దాని ప్రత్యేకత. పని వేగంగానే సాగింది కానీ ఆ పొడికి తాళలేక గని కార్మికులు మిషన్ వద్దన్నారు. ఆయన దాన్ని మార్చి, గాలితోపాటు నీళ్లూ పంపించాడు. పొడి బురదగా మారి కిందికి జారింది. ఈ కిటుకు తెలిసి నూరేళ్లు దాటినా మన దగ్గర చాలాచోట్ల ఇంకా పొడిగానే తొలుస్తున్నారు.

‘తాగడానికే నీళ్లు లేని చోట రాయికి పోయమంటారా’ అని ఇక్కడివారు అడగడం న్యాయమే. లెక్క చూడండి. కాంక్రీటు పగలగొట్టే జాక్‌హ్యామర్ మొన దగ్గర నిమిషానికి సుమారు 350 మిల్లీలీటర్ల నీటిని సన్నగా చిమ్మితే పొడి 70 నుంచి 90 శాతం దాకా తగ్గుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ తేల్చింది. గంటకు 21 లీటర్లు. ఫ్లోరైడ్ నీళ్ల భయంతో మనం ఇంటికి తెచ్చుకునే నీళ్ల క్యాను ఒక్కటి! పైగా దీనికి మంచినీళ్లే కావాలనేమీ లేదు.

ఒక్క హెచ్చరిక. ఈ నీటి పద్ధతి కంప్రెసర్ గాలితో నడిచే మిషన్లకు, నీటి ఏర్పాటుతోనే తయారైన వాటికి. ఇంట్లో వాడే కరెంటు డ్రిల్లు మీద నీళ్లు పోయొద్దు, షాక్ కొడుతుంది. దానికి వ్యాక్యూమ్ పద్ధతి ఉంది. బిట్ చుట్టూ కప్పులాంటి తొడుగు పెట్టి, దాని గొట్టాన్ని సన్నటి రేణువులను ఆపే హెపా ఫిల్టరున్న వ్యాక్యూమ్ క్లీనర్‌కు తగిలించాలి. రంధ్రంలో మిగిలిన పొడిని కూడా అదే గొట్టంతో లాగేయాలి. నోటితో గానీ కంప్రెసర్ గాలితో గానీ ఊదొద్దు. పని అయ్యాక పొడి చీపురుతో ఊడిస్తే అణిగిందంతా మళ్లీ లేస్తుంది. మిషన్ ప్లగ్ తీసేసి, తడిగుడ్డతో తుడవండి. పిల్లలను, దగ్గు ఉన్న పెద్దలను ఆ గదిలోకి రానీయొద్దు.

తువాలు మాస్కు కాదు. దాని నేత సందుల ముందు సిలికా రేణువు చాలా చిన్నది. పైగా మెడలో వేలాడే తువాలు కొస, చీర కొంగు, వదులు చేతి తొడుగు తిరిగే బిట్‌కు చుట్టుకుంటాయి. కొవిడ్ రోజుల్లో అలవాటైన ఎన్‌95 మాస్కు మేలు. రెండు పట్టీలూ తలకు వేసి, ముక్కు మీది తీగను నొక్కి పెట్టాలి. గుబురు గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరిపోతుంది. రోజంతా రాయి కోసేవారికి, తొలిచేవారికి ఫిల్టర్ డబ్బాలున్న రబ్బరు మాస్కు కావాలి. అయితే మాస్కు ఆఖరి అడ్డు మాత్రమే, పొడి లేవకుండా చూడటం మొదటిది. ఇవి కొనివ్వాల్సింది పని చేయించుకునేవారని నా అభిప్రాయం. లక్షలు పోసి ఇల్లు కట్టించేవారికి ఎలక్ట్రీషియన్ మాస్కు ఖర్చు లెక్కలోకి రాదు.

ఈ ప్రాంతంలో ఇంకో పెద్ద డ్రిల్లు ఉంది. బోరు బండి. గొట్టం కొసన తిరుగుతూ కొట్టేది కూడా హ్యామరే. లోపల నీళ్లు తగిలేదాకా పైకి లేచేది రాతి పొడే. నీళ్లు పడతాయా లేదా అన్న ఆత్రంతో కుటుంబమంతా దాని చుట్టూనే నిలబడుతుంది. గాలి ఏ వైపు వీస్తోందో చూసుకుని, పొడి మీదికి రాని వైపు దూరంగా ఉండండి. పిల్లలను ఇంట్లోనే ఉంచండి. గొట్టంలోకి నీళ్లు పంపుతూ తొలిచే వీలుంటే బండివారిని అడగండి.

చెయ్యి, చెవి, కన్ను

కాంక్రీటులోని ఇనుప కడ్డీకి తగిలితే బిట్ ఆగిపోతుంది, మిషన్ తిరుగుతుంది. మణికట్టు మెలిపడేది అప్పుడే. పక్క పిడి తీసేసి ఒంటి చేత్తో పట్టుకోవద్దు. నిచ్చెన మీద ఉన్నప్పుడైతే మరీ. స్విచ్ బోర్డుకు తిన్నగా పైన, కింద తీగలు వెళ్తాయి, అక్కడ బిట్ పెట్టొద్దు. లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. కళ్లకు అద్దాలు తప్పనిసరి, ముఖ్యంగా పైకప్పుకు తొలిచేటప్పుడు.

చప్పుడు సంగతి. పక్కనున్న మనిషితో మాట్లాడటానికి అరవాల్సి వస్తోందంటే చెవులకు ప్లగ్గులు కావాలి. అదురు సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. గాలి సుత్తెలతో సున్నపురాయి చెక్కేవారి వేళ్లు తెల్లబడి మొద్దుబారుతున్నాయని 1918లోనే అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ గుర్తించారు. తెల్లబడటం చలిలో బయటపడే లక్షణం. మన ఎండల్లో అది కనిపించకపోవచ్చు. రాత్రిళ్లు వేళ్ల తిమ్మిరి, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం కనిపిస్తాయి. అలా ఉంటే డాక్టర్‌కు చూపించండి. అరిగిపోయిన బిట్‌తో అదురు, పని సమయం రెండూ పెరుగుతాయి, మార్చేయండి.

డాక్టర్‌కు ముందుగా చెప్పాల్సింది

ఏళ్ల తరబడి రాయి, కాంక్రీటు పని చేసినవారికి పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం మొదలైందనుకోండి. ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తాయి. అవి టీబీ మచ్చల్లా ఉండొచ్చు. కళ్లె పరీక్షలో ఏమీ తేలకపోయినా, పని సంగతి తెలియక టీబీ మందులు మొదలవచ్చు. కోర్సు పూర్తయినా ఆయాసం తగ్గదు. రోగి మళ్లీ అదే పొడిలోకి వెళ్తాడు.

దీని అర్థం టీబీ కాదని వదిలేయమని కాదు. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ వచ్చే ముప్పు మామూలు వారికన్నా చాలా రెట్లు ఎక్కువ. రెండూ కలిసే ఉండొచ్చు. కళ్లె పరీక్ష తప్పకుండా చేయించండి, టీబీ తేలితే మందులు మధ్యలో ఆపొద్దు. అప్పుడు కోర్సు ఎక్కువ కాలం సాగొచ్చు. మీరు చేయాల్సిందల్లా డాక్టర్ అడగకపోయినా చెప్పడం. ఏ పని, ఎన్నేళ్లు, నీళ్లతోనా పొడిగానా, మాస్కు వాడారా లేదా. ఇప్పుడు ఆటో నడుపుతున్నా సరే, పదేళ్ల కిందట క్వారీలో చేసి ఉంటే అదీ చెప్పాలి. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్షతో ఊపిరి సామర్థ్యం ఎంత తగ్గిందో తెలుస్తుంది. సిలికా పొడి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే ప్రకటించింది కాబట్టి బీడీ, సిగరెట్ మానాల్సిందే.

సిలికోసిస్‌ను మన కార్మిక చట్టాలు వృత్తి వ్యాధిగా గుర్తించాయి, పరిహారం అడిగే హక్కు ఉంది. చాలామందికి అడ్డొచ్చేది ఫలానా చోట పనిచేశామని చూపే కాగితం లేకపోవడం. కూలి చీటీలు, ఈఎస్ఐ కార్డు, గుర్తింపు కార్డు, ఏది దొరికినా దాచుకోండి. పాత ఎక్స్‌రే ఫిల్ములను పారేయకుండా ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ తీసుకెళ్లండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే మచ్చలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో డాక్టర్‌కు తెలుస్తుంది.