గండికోటలో ఒక పగలు

సెలవులు వచ్చాయంటే పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలన్న ప్రశ్న ప్రతి ఇంటిలోనూ వినిపిస్తుంది. దూరాన ఉన్న నగరాల పేర్లే మనకు ముందుగా గుర్తుకు వస్తాయి. మా చాపాడు నుంచి బయలుదేరి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటితే, పెన్నా నది ఒడ్డున మూడున్నర శతాబ్దాల క్రితం దేశవిదేశాల వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన కోట ఒకటి ఉంది. ఇన్నేళ్లుగా ఇంత దగ్గర ఉండి కూడా మేము దాన్ని తీరికగా చూడలేదు. ఈసారి కుటుంబమంతా గండికోటకు వెళ్లాలని నిశ్చయించుకున్నాము.

జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్ల ప్రయాణం. ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా కోసుకుంటూ ప్రవహించిన చోట ఏర్పడిన లోతైన లోయను మన ప్రాంతంలో ‘గండి’ అంటారు. ఆ గండి అంచున కట్టిన కోట కనుక ఇది గండికోట అయింది. కొండ అంచున నిలబడి చూస్తే, ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న ఎర్రరాతి పలకల మధ్య, ఎంతో లోతున నది నెమ్మదిగా సాగిపోతూ కనిపిస్తుంది. ఏ మానవ హస్తమూ నిర్మించని ఆ గోడలను చూసి మా నోట అప్రయత్నంగా ‘సుబ్‌హానల్లాహ్’ అన్న మాట వెలువడింది.

కోట లోపల ఇప్పటికీ ఒక చిన్న గ్రామం ఉంది. ఇళ్ల ముందు మేకలు, అరుగులపై వృద్ధులు, అంతటా నిశ్శబ్దం. ఆ ఇళ్లు దాటగానే జామా మస్జిదు మీనార్లు, ఆ దగ్గరలోనే విశాలమైన ధాన్యాగారం, రంగనాథస్వామి ఆలయం కనిపిస్తాయి. కొంచెం దూరాన మాధవరాయస్వామి ఆలయ గోపురం ఆకాశంలోకి లేచి ఉంది. మస్జిదు పక్కనున్న కోనేటిని ‘కత్తుల కోనేరు’ అంటారు. యుద్ధం ముగిశాక నెత్తుటి కత్తులను అందులో కడిగేవారని జనం చెప్పుకుంటారు.

విజయనగర కాలంలో ఈ కోట పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉండేది. 1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా వజీరు మీర్ జుమ్లా దీన్ని జయించాడు. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంతో అపార సంపద గడించిన వ్యక్తి ఆయన. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఆయనను కలుసుకోవడానికి ఇక్కడికే వచ్చాడు. ఈ ప్రాంతపు ఆలయాల్లోని విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోత పోయించే పనిని మీర్ జుమ్లా ఒక ఫ్రెంచి పనివాడికి అప్పగించాడని తావెర్నియే తన యాత్రాగ్రంథంలో రాశాడు.

ఈ సంగతి చెబుతుండగా మా పెద్దబ్బాయి నడక ఆపాడు. “అబ్బా, ఆయన ముస్లిమే కదా! మరి అలా ఎందుకు చేశాడు? బడిలో ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి?” అన్నాడు.

ఆ ప్రశ్నను దాటవేయాలని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ సత్యం మనకు ప్రతికూలమైనా సాక్ష్యమివ్వాలన్నది మన ధర్మం బోధించే మొదటి పాఠం. అందుకే ఇలా చెప్పాము: “అది తప్పు అని చెప్పు నాయనా. రాజులు రాజ్యం కోసం యుద్ధాలు చేశారు, ఫిరంగుల కోసం లోహం వెతుక్కున్నారు. వారి పేరు చూసి వారి పనులను ధర్మమని సమర్థించనక్కర లేదు. వారి పనులకు నువ్వు తల వంచుకోనక్కరా లేదు.”

ఆ తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) ఉదంతం వినిపించాము. జెరూసలేం నగరం స్వాధీనమైనప్పుడు అక్కడి ప్రజల ప్రాణాలకు, ప్రార్థనాలయాలకు ఆయన అభయమిచ్చారు. చర్చిలో నమాజు చేయడానికి కూడా ఆయన సమ్మతించలేదని, తర్వాతి ముస్లింలు ఆ సాకుతో దాన్ని మస్జిదుగా మార్చుకుంటారేమోనని జంకారని చరిత్రకారులు రాశారు. మనం కొలబద్దగా తీసుకోవలసింది ఆ ఖలీఫా నడవడినే గాని, ఏ విజేత ఫిరంగులనూ కాదు.

మీర్ జుమ్లా మాత్రం ఏం మిగుల్చుకున్నాడు? కొన్నేళ్లకే గోల్కొండను విడిచి మొగలుల కొలువులో చేరాడు. అస్సాం దండయాత్ర నుంచి తిరిగివస్తూ 1663లో కన్నుమూశాడు. ఆ వజ్రాలు ఎవరెవరి చేతులు మారాయో! భూమిపై సంచరించి, గతించినవారి పర్యవసానం చూడమని ఖుర్ఆన్ ఎందుకు పదేపదే చెబుతుందో ఆ ఖాళీ ధాన్యాగారంలో నిలబడినప్పుడు మాకు తెలిసివచ్చింది.

జుహర్ వేళ అయింది. వెంట తెచ్చుకున్న నీటితో వుజూ చేసుకుని, ఒక చెట్టు నీడలో నమాజు చేశాము. దగ్గరి ఇంటి నుంచి ఒక అవ్వ వచ్చి, “ఎండలో వచ్చినారు, చల్లనీళ్లు తాగండి నాయనా” అంటూ చెంబు అందించింది. మా పేర్లూ అడగలేదు, మతమూ అడగలేదు.

సాయంత్రం తిరుగుప్రయాణంలో మా అబ్బాయి చాలాసేపు మౌనంగా ఉన్నాడు. చివరికి, “బడిలో ఎవరైనా అడిగితే ఆ అవ్వ సంగతి కూడా చెబుతాను” అన్నాడు.