ఇంటితోటలో జెరేనియము

దసరా వెళ్లిన పిమ్మట మన సంఘసభ్యుల యిండ్ల ముంగిళ్లలో బంతి, చేమంతులతోపాటు అక్కడక్కడ జెరేనియపు కుండలును కానవచ్చుచున్నవి. ఊటీకో బెంగుళూరుకో పోయివచ్చినవారు కొమ్మలు తెచ్చి, చేనిలోని నల్లరేగడి మట్టి నింపి నాటుదురు. సంక్రాంతి వఱకు ముచ్చటగా పూచిన మొక్క శివరాత్రి దాటగానే మొదలు నల్లబడి కూలిపోవును. దానిని నిలుపుకొను విధమును, దానివలన మన మిరపనారునకు రాగల చిక్కును తెలుపుచున్నాము.

దీని జన్మభూమి దక్షిణాఫ్రికా. 1753లో లిన్నేయసు దీనిని జెరేనియములలో చేర్చెను. 1789లో లెరిటియే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెలార్గోనియమని వేఱుపఱచెను. కాయ పక్షిముక్కును బోలియుండుటచే మొదటి పేరు బెగ్గురును, రెండవది కొంగను తెలుపు గ్రీకుమాటలనుండి పుట్టినది. తోటమాలులు మాత్రము పాతపేరునే విడువరైరి. పొడినేలల మొక్క గాన దళసరి కాండమున నీరు నిలువ చేసికొనును.

రేగడి నీటిని పట్టి విడువదు. ఆ గుణము ప్రత్తికి మేలు, కుండలోని యీ మొక్కకు చేటు. ఎఱ్ఱమట్టి 2 పాళ్లు, ఏటి యిసుక 1 పాలు, బాగుగ చివికిన పశువుల యెరువు 1 పాలు కలిపి, అడుగున రంధ్రము గల మట్టికుండలో నింపవలెను. వ్రేలు ఒక కణుపు లోతు దూర్చి చూచి, మట్టి పొడిగా నున్నపుడే, ఆకులు తడియకుండ మొదట నీరు పోయవలెను. పొలమునకు తెచ్చిన యూరియా మిగిలినది గదా యని గుప్పెడు చల్లువారు కలరు. ఆకు బలియును, పూవు తగ్గును.

కార్తీకము మొదలు మాఘము వఱకు నిండు ఎండ మంచిది. ఫాల్గుణమునుండి ఉదయపు టెండ చాలును. పిదప తాటాకు పందిరి నీడకు చేర్చవలెను. మే మాసమున మొక్క పూయదు, అప్పుడు ఎరువు వేయరాదు. వానకాలము ఇంకను గడ్డు. నూనెకై పెంచు సువాసన జెరేనియమును సయితము లక్నోలోని సీమ్యాప్ సంస్థవారు వానలలో ప్లాస్టిక్ కప్పు క్రిందనే కాపాడ నేర్పిరి. మనము చూరు క్రిందికి జరిపిన చాలును.

కార్తీకమున 3, 4 అంగుళముల కొమ్మను కణుపు దిగువన కోసి, క్రింది ఆకులు తీసి, కొన్ని గంటలు నీడలో ఆరనిచ్చి తడి యిసుకలో గ్రుచ్చవలెను. 3, 4 వారములలో వేరు తొడుగును. కోత చోట నల్లబడి కుళ్లినచో, అది తఱచు మన మిరపమడులలోని నారుకుళ్లునకు కారణమగు పితియం శిలీంధ్రమే; ఆ కొమ్మను, ఆ యిసుకను పాఱవేయవలెను.

మొగ్గలు తొలిచిన పురుగు కనబడినచో చేతితో ఏరుటయే తగును. అమెరికాలో మన శనగపచ్చపురుగునకు జ్ఞాతియైన పురుగొకటి ప్రత్తిని, జెరేనియపు మొగ్గలను గూడ తినుటచే జెరేనియపు పురుగనియే పేరు వడసినది. మిరపకు కొట్టగా మిగిలిన మందును పిల్లలాడు ముంగిటి మొక్కలపై కొట్టు అలవాటు మనలో కలదు. దీనిని మేము ఎంతమాత్రము ఒప్పము. 2021-22లో మిరపను నాశనము చేసిన నల్ల తామరపురుగు పూలలోనే దాగును. కావున ముంగిటి పూలను తెల్లకాగితముపై దులిపి చూచుచుండవలెను.

అంతకంటె భయపడదగినది ఎండుతెగులు. 2020లో గ్వాటిమాలానుండి వచ్చిన జెరేనియములలో రాల్‌స్టోనియా యను సూక్ష్మజీవి కానరాగా, అమెరికా ప్రభుత్వమువారు మొక్కలను నాశనము చేయించిరి. ఆ వంశపు సూక్ష్మజీవులే వంగను, టమాటాను, మిరపను ఎండించును. నీరుండియు మొక్క వాడినచో కాండమును కోసి, గాజుగ్లాసులోని తేటనీటిలో వ్రేలాడదీయుడు. పాలవంటి దార దిగినచో కుండలోని మట్టితోగూడ కాల్చి పూడ్చి, కత్తిని వేడినీట కడుగవలెను. పరదేశపు కొమ్మలను దొంగచాటుగ తెచ్చుట తగదు. క్రొత్తగా తెచ్చిన కుండను రెండు నెలలు విడిగా నుంచవలెను. జులై, ఆగస్టు మాసములలో నారుమడికి నీరు పాఱు కాలువ యెగువన ఏ పూలకుండను ఉంచరాదు.