గజ్జి కుక్క పిచ్చి కుక్క కాదు

ఇటీవల మేమొక గ్రామమునకు పోయినపుడు పంచాయతీ సమావేశమున ఒక అర్జీ చదువుచుండిరి. వెండ్రుకలు రాలి, చర్మము మందమై నల్లబడి, రాత్రింబవళ్లు గోకికొనుచున్న కుక్కయొకటి వీధిలో తిరుగుచున్నదనియు, అది పిచ్చికుక్క గావున చంపించవలెననియు అందు వ్రాసియున్నది. సభ్యులలో కొందరు సరేయనిరి కూడ. పశువైద్యుడు వచ్చి చూడగా అది గజ్జియని తేలినది.

పిచ్చి మెదడునకు సోకు వ్యాధి, గజ్జి చర్మవ్యాధి. అయినను పైచూపునకు గజ్జివలె నున్నదని ఏ కుక్క కాటునూ ఉపేక్షింపరాదు. గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా వేయించుకొనవలెను.

కుక్కలకు వచ్చు గజ్జికి కారణము సార్కోప్టిస్ అను అతి సూక్ష్మమైన పురుగు. ఆడపురుగు చర్మములో సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టును. అవి పెరిగి పెద్ద పురుగులగుటకు రెండు మూడు వారములు పట్టును. చెవుల అంచులు, మోచేతులు, పొట్టల వద్ద వ్యాధి ఆరంభమగును. దురద విపరీతముగా నుండును. చెవి అంచును రుద్దినచో కుక్క వెనుక కాలితో గోకుకొనబోవును. దీనిని వైద్యులొక గుర్తుగా గ్రహింతురు. చర్మమును గీకి సూక్ష్మదర్శినితో పరీక్షింతురు గాని, పురుగు ప్రతిసారి దొరకదు. అట్టియెడ లక్షణములను బట్టియే చికిత్స చేయుదురు. ఇది ఒక కుక్కనుండి మరియొక దానికి త్వరగా అంటుకొనును. దానిని తాకిన పిల్లలకు కొద్దిదినములు దురద పొక్కులు రావచ్చును. కుక్కకు నయమైనచో అవియు తగ్గును.

వెండ్రుకలు రాలినదెల్ల గజ్జి కాదు. గుండ్రని మచ్చలుగా వెండ్రుకలు రాలినచో అది తామర కావచ్చును. ఇది బూజుజాతి వ్యాధి. పిల్లులు పైకేమియు కనబడకుండగనే దీనిని మోయుచు ఇంటివారికి అంటించగలవు. కూనలకు కండ్లచుట్టు, మూతివద్ద వెండ్రుకలు రాలి దురద స్వల్పముగా నున్నచో డెమోడెక్స్ అను వేరొక పురుగు కారణము కావచ్చును. అది మనుష్యులకు అంటదు.

ఇక చికిత్స మాట. కాలిన ఇంజను నూనె, కిరసనాయిలు, పొలమునకు చల్లు పురుగుమందు పూయుట గ్రామములలో వాడుక. ఇవి చర్మమును కాల్చును. జంతువు నాకికొనినచో ప్రాణాపాయము. వేపాకు నీటితో స్నానమునకు మేము అడ్డుచెప్పము గాని, దానితోనే గజ్జి కుదురునని నమ్మరాదు. పశువైద్యుడు కుక్క బరువు ననుసరించి ఐవర్‌మెక్టిన్ వంటి మందునిచ్చును. ఒక్క మోతాదుతో ఆపరాదు, ఏలయన మిగిలిన గ్రుడ్లనుండి పురుగులు మరల పుట్టును. పశువులకు తెచ్చిన మందును ఉజ్జాయింపుగా కుక్కకు వేయుట ప్రమాదకరము. కుక్కల పిడుదులకు వాడు పెర్మెత్రిన్ మందు పిల్లులకు విషము. ఈ సంగతి తెలియక పిల్లులను పోగొట్టుకొన్నవారు కలరు. కుక్క పడుకొను గోనెలను కాల్చివేయుటయో, వేడినీట ఉడికించి ఎండబెట్టుటయో మంచిది.

వీధికుక్కలకు ఎవరును యజమానులు కారు గనుక ఇచ్చట పంచాయతీయే పూనుకొనవలెను. సమీప పశువైద్యశాలకు తీర్మానము పంపి శిబిరము కోరవచ్చును. అదే దినమున పిచ్చి నిరోధక టీకాలు కూడ వేయించినచో కుక్కలను రెండుమార్లు పట్టు శ్రమ తప్పును.

పైన చెప్పిన కుక్కకు రెండు వారముల యెడముతో రెండు సూదులు వేసిరి. రెండు నెలలకు వెండ్రుకలు మొలచినవనియు, ఇప్పుడది అర్జీ పెట్టినవారి అరుగుమీదనే పండుకొనుచున్నదనియు పంచాయతీ కార్యదర్శి మాకు వ్రాసియున్నారు.