ఎంత తిరిగినా ఒకటే టికెట్టు

2023 మే నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక రైతు, వయసులో మాకంటే పెద్దవారు, గుమ్మం దగ్గర నిలబడిపోయారు. అందరూ వెళ్ళేదాకా ఆగి, "అయ్యగారూ, మావాడు అమెరికాలో ఏదో పాసు కొన్నాడంట. ఆరువందల డాలర్లంట. అది ఉంటే ఏడాది పొడుగునా విమానాల్లో ఎన్నిసార్లయినా తిరగొచ్చంట. ఎవరన్నా మోసం చేశారేమో కాస్త కనుక్కోండి" అన్నారు. ఆ కుర్రవాడి చదువు కోసం రెండెకరాల కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. ఆరువందల డాలర్లంటే దాదాపు యాభై వేల రూపాయలు. తండ్రి గుండె గుభేలుమనడంలో వింత లేదు. నిజం చెప్పాలంటే మాకూ కోపమే వచ్చింది.

ఆ రాత్రి డల్లాస్‌కు ఫోను చేశాము. మనకు ఉదయం ఏడు గంటలయితే అక్కడ వేసవిలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. అతడు చెప్పినది విన్నాక కోపం కొంత తగ్గింది. తల్లి చిన్ననాడే ప్రభువు నందు నిద్రించగా అతణ్ణి పెంచింది మేనత్త. ఆమె పెద్దకూతురి కాన్పు కోసం అట్లాంటా వచ్చి ఉన్నారు. జూన్ నెలాఖరుకు తిరుగు ప్రయాణం. చిన్నకూతురు షికాగోలో ఉంది. మధ్యలో కొన్నాళ్ళు అక్కడికి తీసుకువెళ్తారు గాని ఎప్పుడన్నది అల్లుడి సెలవును బట్టి ఉంటుంది. ఆమెకు చక్కెర వ్యాధి, మోకాళ్ళ నొప్పులు. ఇతడు ఇల్లు చూసి రెండేళ్ళయింది. డబ్బు భయం, వీసా భయం. "అయ్యగారూ, అత్తను ఇప్పుడు చూడకపోతే మళ్ళీ చూస్తానో లేదో. ఏ తేదీన ఏ ఊళ్ళో ఉంటుందో తెలియకుండా టికెట్టు ఎలా కొనేది?" అన్నాడు.

మోసమేమీ లేదు. ఇటువంటి పాసులు అమెరికాలో నలభై ఏళ్ళకు పైగా వస్తూ పోతూ ఉన్నాయి. అన్నిటికంటే పేరుమోసినది అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ 1981లో పెట్టినది. రెండున్నర లక్షల డాలర్లు ఒక్కసారి కడితే బ్రతికినంత కాలం మొదటి తరగతిలో ఎక్కడికైనా ఎన్నిసార్లయినా ఎగరవచ్చు. వెంట ఒక మనిషి కావాలంటే మరో లక్షన్నర. ధనవంతులు కొన్నారు, కొని ఊరుకోలేదు. ఒకాయన పేరున పదివేల పైచిలుకు ప్రయాణాలు లెక్క తేలాయి. ధర పెంచి చూశారు, చివరకు 1994లో అమ్మకమే ఆపేశారు. తరువాత 2008లో కొందరి పాసులను నియమాలు తప్పారని రద్దు చేస్తే అవి కోర్టుల దాకా వెళ్ళాయి. అపరిమితం అన్న మాటకు అమ్మినవారి మనసులో ఒక అర్థం, కొన్నవారి మనసులో మరో అర్థం!

సామాన్యులకు అందినవి ఆ తరువాతివి. 2009లో జెట్‌బ్లూ అనే సంస్థ 599 డాలర్లకు సెప్టెంబరు 8 నుంచి అక్టోబరు 8 వరకు నెలరోజులు ఎంతైనా తిరగమంది. గడువు తేదీ రాకముందే పాసులు అమ్ముడుపోయాయి. 2022 నవంబరులో ఫ్రాంటియర్ సంస్థ అదే 599 డాలర్ల ఆరంభ ధరకు ఒక ఏడాది పాసు తెచ్చింది. ఐరోపాలో విజ్ ఎయిర్ 2024లో ఇటువంటిదే పెట్టింది. మన దేశంలోనూ ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ 'డిస్కవర్ ఇండియా' అని ఒకటి అమ్మేది, కాని అది విదేశీయులకు, ప్రవాస భారతీయులకు మాత్రమే, అదీ డాలర్లలో. మనవంటివారి చెవిన పడే అవసరమే రాలేదు.

మా కుర్రవాడు కొన్నది ఏడాది పాసుల కోవకు చెందినదే. నియమాలన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించమన్నాము. దేశంలోపలి ప్రయాణమైతే ముందురోజే సీటు ఖాయం చేసుకోవాలి, అంతకుముందు కుదరదు. సీటు మిగిలి ఉంటేనే ఇస్తారు. ఛార్జి ఒక్క సెంటే గాని పన్నులు ప్రతిసారీ కట్టాలి. ప్రభుత్వ భద్రతా రుసుమే ఒక్కో వైపుకు 5 డాలర్ల 60 సెంట్లు. సీటు కింద పట్టే చిన్న సంచి తప్ప మరే సామాను తీసుకువెళ్ళినా వేరే డబ్బు. వాళ్ళ జూలై నాలుగు, నవంబరులో థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వంటి పండుగ దినాల చుట్టూ పాసు చెల్లదు. అంటే కుటుంబాలన్నీ ఒకచోట చేరే రోజుల్లోనే పనికిరాదు. ఇంకొకటి, అన్నిటికంటే చిన్న అక్షరాలలో ఉన్నది: మనం వద్దని చెప్పకపోతే మరుసటి ఏడాదికి దానంతట అదే తిరిగి కొన్నట్టయి కార్డులోంచి సొమ్ము పోతుంది. అది వినగానే, "బాబూ, ఆ పని ఈ రాత్రే ముగించి పడుకో" అన్నాము. అతడు ముగించాడు.

ఇక ఊళ్ళ జాబితా అడిగితే పదకొండు చదివాడు. న్యూయార్కు, నయాగరా, లాస్ వేగాస్, లాస్ ఏంజెలస్, మయామీ... అత్తగారున్న రెండు ఊళ్ళూ అందులో ఎనిమిదోది, తొమ్మిదోది. సెలవు పది రోజులు!

మా అబ్బాయి పదవ తరగతి అట్లాసు తెచ్చి, అతని తండ్రిని కూడా పిలిచి, మూడు రాత్రులు కూర్చున్నాము. అమ్మగారు టీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయారు. అట్లాసు మీద డల్లాస్, అట్లాంటా పక్కపక్కనే కనిపిస్తాయి. నిజానికి మధ్యన 1,150 కిలోమీటర్ల పైమాట. విమానంలో రెండు గంటల ప్రయాణమే గాని, ఇంటి నుంచి విమానాశ్రయానికి గంట, అక్కడ తనిఖీలకు రెండు గంటలు, దిగాక మళ్ళీ ఊళ్ళోకి గంట. పైగా అట్లాంటా గడియారం డల్లాస్ కంటే ఒక గంట ముందు నడుస్తుంది. ఉదయం బయలుదేరినవాడు ఇల్లు చేరేసరికి పగలంతా గడిచిపోతుంది. పదకొండు ఊళ్ళంటే పదకొండు పగళ్ళు ప్రయాణానికే పోయాయన్నమాట. ఈ లెక్క వేసింది మేము కాదు, ఆ రైతే. ఎరువుల బస్తాలకు, కూలీల రోజులకు లెక్క వేసి వేసి అలవాటైన చెయ్యి. "డబ్బు ఊరకే వచ్చిందని రోజులు ఊరకే వచ్చాయా?" అని కొడుకును ఫోనులోనే అడిగారు.

తరువాత వరుస ఎలా పెట్టాలన్నది వచ్చింది. మామూలుగా మనం నాలుగు ఊళ్ళు తిరగాలంటే దండ గుచ్చినట్టు గుచ్చుకుంటాము: మొదటి ఊరి నుంచి రెండోది, అక్కడి నుంచి మూడోది, చివరకు ఇల్లు. వెనక్కు వచ్చి మళ్ళీ పోతే ఖర్చు దండుగ గనుక. ఈ పాసుకు ఆ పద్ధతి పనికిరాదు. రేపటి సీటు ఈ రోజే తెలుస్తుంది. దండలో ఒక్క పువ్వు ఊడితే తక్కినవన్నీ రాలిపోతాయి. బండిచక్రానికి నడుమ నుంచి ఆకులు ఎలా నలువైపులకు పోతాయో అలా, పెద్ద విమానాశ్రయమున్న ఊరిని నడుమ పెట్టుకుని, పోయి వచ్చి మళ్ళీ పోవాలి. పెద్ద ఊరికి రోజుకు అనేక విమానాలు ఉంటాయి. ఒకటి తప్పితే ఇంకొకటి. చిన్న ఊళ్ళకు ఈ చౌక సంస్థలు వారంలో కొన్ని రోజులే నడుపుతాయి. కాబట్టి డల్లాస్ నడిమి ఊరు, అట్లాంటా రెండవ దన్ను, షికాగో ఒక ఆకు. రాత్రి పడుకోవడానికి మనవాళ్ళ ఇల్లు లేని ఊళ్ళన్నీ కొట్టేశాము. హోటలు ఖర్చు పాసు ఆదాను ఒక్క రాత్రికే మింగేస్తుంది. తిరుగు సీటు దొరకకపోతే మామూలు టికెట్టు కొనడానికి మూడు వందల డాలర్లు ముట్టుకోకుండా ఉంచమని తండ్రి ఖచ్చితంగా చెప్పారు.

జూన్ రెండవ వారంలో బయలుదేరవలసిన రోజు ముందు సాయంత్రం అట్లాంటా నుంచి కబురు: అల్లుడికి సెలవు తొందరగా దొరికింది, అత్తగారు షికాగో వెళ్ళిపోయారు. మామూలు టికెట్టు కొని ఉంటే ఆ డబ్బు నీళ్ళపాలే. ఇతడు అట్లాంటా బదులు షికాగోకు సీటు తీసుకుని, మరునాడు మధ్యాహ్నానికి మేనత్త ముందు నిలబడ్డాడు. అంతవరకూ పాసు మీద మాకున్న అనుమానమంతా ఆ ఒక్క పూటతో పోయింది. ఆమె గుర్తుపట్టి, "ఎంత చిక్కిపోయావురా" అని మొదటి మాట అన్నారట. నిజానికి ఆరు కిలోలు పెరిగాడు.

మూడు రోజులు అక్కడున్నాడు. వచ్చేటప్పుడు ఆమె ఊరి నుంచి మోసుకొచ్చిన గోంగూర పచ్చడి పెద్ద సీసా చేతిలో పెట్టారు. చేతిసంచిలో ద్రవాలు, ముద్దలు వంద మిల్లీలీటర్లకు మించి పట్టుకువెళ్ళనివ్వరు. పచ్చడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పెట్టెలో వేసి పంపాలంటే సీసా ఖరీదుకు ఎన్నో రెట్లు సామాను రుసుము. అమ్మమ్మలకు, అత్తలకు ఈ సంగతి చెప్పి ఒప్పించడం కంటే విమానం నడపడం తేలికేమో! చివరకు కందిపొడి పొట్లం సంచిలో దూరింది, పచ్చడి షికాగోలోనే మిగిలింది.

డల్లాస్ వచ్చి బట్టలు ఉతుక్కుని, ఆమె అట్లాంటా తిరిగి వచ్చాక అక్కడికి వెళ్ళి మరో రెండు రోజులు గడిపాడు. అక్కడితో ఇంటికి వచ్చేస్తే సరిపోయేది. ఇక్కడ పొరపాటు మాది. ఫిలడెల్ఫియాలో మా పాత సంఘ కుటుంబం ఒకటి ఉంది. "ఎలాగూ పాసు ఉంది కదా, ఒకసారి పలకరించి రా" అన్నాము. చక్రం సంగతి చెప్పిన నోటితోనే దండ గుచ్చించాము. వెళ్ళాడు, ఆదివారం వాళ్ళతో ఆరాధించాడు, ఇడ్లీ తిన్నాడు. సోమవారం డల్లాస్‌కు పాసు మీద సీటు లేదు. మంగళవారం ఉదయం యూనివర్సిటీ గ్రంథాలయంలో పనిలో చేరాలి. అదే అతని తిండి, అద్దె. మామూలు టికెట్టు ధర చూస్తే దాచిన మూడు వందలూ చాలవు. మా ఇంట్లో ఆ రాత్రి మాకు నిద్ర లేదు. అప్పుడు ఆ కుర్రవాడే, అట్లాంటాకు సీటు ఉందని చూసి సోమవారం అక్కడికి వెళ్ళి, తెల్లవారుజామున డల్లాస్ వెళ్ళే విమానానికి పాసు మీదే సీటు సంపాదించి, రాత్రంతా విమానాశ్రయంలో కుర్చీల మీద పడుకున్నాడు. అట్లాంటాను దన్నుగా పెట్టుకోవడం అక్కరకు వచ్చింది. పనికి ఇరవై నిమిషాల ముందు చేరాడు. తండ్రికి ఈ సంగతి మేము చాలా రోజుల వరకు చెప్పలేదు.

మొత్తం ఆరు విమానాలు. పాసు ఖరీదు పంచితే ఒక్కోదానికి వంద డాలర్ల చొప్పున పడింది. మిగిలిన ఏడాదిలో చదువు, పని వదలడానికి వీలుపడక మరో నాలుగు సార్లే ఎక్కాడు. తేదీలు ముందే తెలిసి ఉంటే మామూలు టికెట్లు అంతకంటే చౌకగా దొరికేవేమో. తేదీ తెలియని ప్రయాణానికి, సెలవులున్న ఒంటరి మనిషికి ఈ పాసు మంచిదే. పిల్లలతో, పెట్టెలతో తిరిగే కుటుంబానికి మేమైతే కొనవద్దనే చెబుతాము.

అట్లాసు మూసేటప్పుడు ఆ రైతు, "మన రైళ్ళకు ఇటువంటిది లేదా అయ్యగారూ?" అన్నారు. ఎంతైనా తిరగమనేది మనకు లేదు గాని, దండ గుచ్చేది ఉంది. సర్క్యులర్ జర్నీ టికెట్టు అంటారు. బయలుదేరిన స్టేషనుకే తిరిగి రావాలి, దారిలో ఎనిమిది చోట్ల దాకా దిగవచ్చు, ఏ తరగతికైనా ఇస్తారు. మొత్తం దూరాన్ని సగం చేసి రెండు ప్రయాణాలుగా ఛార్జి కడతారు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జి తగ్గుతుంది గనుక, ముక్కలు ముక్కలుగా కొన్నదానికంటే బాగా కలిసివస్తుంది. కౌంటరులో అడగగానే ఇవ్వరు. ఊళ్ళ వరుస కాగితం మీద రాసుకుని డివిజను కమర్షియల్ మేనేజరు కార్యాలయానికో, పెద్ద స్టేషను మేనేజరు దగ్గరికో వెళ్ళాలి. వాళ్ళు లెక్కకట్టి ఇచ్చిన ఫారంతో టికెట్టు కొని, తరువాత ఒక్కో రైలుకు రిజర్వేషను చేయించుకోవాలి. వయోవృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆపేశారు కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోకూడదు.

ఆయన అక్కడే కూర్చుని వరుస చెప్పారు. విజయవాడ నుంచి గూడూరు మీదుగా కాట్పాడి. వేలూరులో కంటి పరీక్ష. అక్కడి నుంచి బెంగుళూరు, తమ్ముడి ఇల్లు. తరువాత హుబ్బళ్ళి మీదుగా మిరజ్, కూతురు అక్కడ నర్సు. ఆపైన పూణె, షోలాపూర్, సికింద్రాబాదు, తిరిగి విజయవాడ. వెళ్ళిన దారిలో మళ్ళీ రాకుండా చుట్టు సరిగ్గా కుదిరింది. రెండున్నర వేల కిలోమీటర్లు దాటింది. టికెట్లు మూడు అన్నారు. మూడవది అమెరికా నుంచి తిరిగి వచ్చిన వాళ్ళ అక్కగారికి. ఆమె అప్పుడే గోంగూర కోయించడం మొదలుపెట్టారట, రైల్లో సీసాలు కొలిచేవారు ఉండరని.