ఆరోగ్యవంతులకు గ్రోత్ హార్మోన్ సూదులేల?

ఆళ్లగడ్డ నుండి ఒక యువకుడు నంద్యాలలోని మా వైద్యశాలకు వచ్చెను. శిలలు చెక్కు శిల్పుల ఇంటివాడు, ఉలి పట్టిన చేతులు. వ్యాయామశాలలో ఎవరో చెప్పిరని రెండు నెలలుగా గ్రోత్ హార్మోన్ సూదులు వేసికొనుచున్నాడట. పాదములు వాచినవి, రాత్రివేళ చేతులు తిమ్మిరెక్కుచున్నవి. "అయ్యా, దీనితోపాటు అశ్వగంధ చూర్ణము వాడవచ్చునా?" అని అతని ప్రశ్న.

మెదడు క్రింద బఠాణీ గింజంత పీయూష గ్రంథి కలదు. గ్రోత్ హార్మోన్ దాని స్రావమే. అది రోజంతయు సమముగ ఊరదు. తెరలు తెరలుగ, ముఖ్యముగ రాత్రి తొలి గాఢనిద్రలో వెలువడును. కాలేయమును చేరి ఐ.జి.ఎఫ్.-1 అను మరియొక హార్మోనును పుట్టించును. ఇది చాలినంత కాగానే పీయూష గ్రంథికి ఇక చాలునను సంకేతము పోవును. కె.సి. కాలువ క్రింది రైతు మడి నిండగానే మడవ కట్టివేయును గదా, అట్లే. సూదిమందు బయటి నీరు. మడి పొంగును, సొంత మడవ మూతబడును. అనగా రక్తమందు ఐ.జి.ఎఫ్.-1 పెరుగును, స్వంత స్రావము అణగును.

మార్పు అంతటితో ఆగదు. థైరాయిడ్ గ్రంథి ఇచ్చు టి-4 త్వరగా టి-3గా మారుటచే మొదటిది తగ్గి రెండవది పెరుగును. కార్టిసాల్ తయారీ కొంత మందగించును. అన్నిటికన్న నన్ను కలవరపెట్టునది ఇన్సులిన్ సంగతి. గ్రోత్ హార్మోన్ దాని పనికి అడ్డుపడును. క్లోమము మరింత ఇన్సులిన్ స్రవించవలసి వచ్చును, అయినను రక్తములో చక్కెర పెరుగవచ్చును. వంశమున మధుమేహమున్నవారి మాట చెప్పనేల?

ఈ మోజుకు మూలము 1990లో అమెరికాలో జరిగిన పరిశోధన. అరువది దాటిన 12 మంది పురుషులకు ఆరు నెలలు ఈ మందు ఇచ్చిరి. కొవ్వు 14.4 శాతము తగ్గెను, కొవ్వు కాని దేహభాగము 8.8 శాతము పెరిగెను. వార్త లోకమంతా పాకెను. 1996లో డెబ్బది దాటిన 52 మందిపై మరల పరీక్షించగా దేహము మారినది గాని పనిచేయు శక్తి పెరుగలేదు. ఈ రెండవ వార్త అంతగా పాకలేదు!

హార్మోన్ లోపము నిజముగ ఉన్న పిల్లలకు ఇది గొప్ప ఔషధము. వారు వైద్యుని అడుగక మానరాదు.

ఆ యువకునికి చూర్ణము ఈయలేదు. అశ్వగంధ కూడ థైరాయిడ్ స్థాయిని పెంచగలదు. రెండును కలిసిన ఏది దేని ఫలమో తెలియదు. పరగడుపు చక్కెర చూపించగా 100 మి.గ్రా. దాటియున్నది. అతని తండ్రి మధుమేహ రోగియని అప్పుడు చెప్పెను. సూదులు నిలిపివేయమని చెప్పి, ఐ.జి.ఎఫ్.-1, థైరాయిడ్ పరీక్షలు వ్రాసి, కర్నూలులో హార్మోన్ వైద్యనిపుణుని వద్దకు పంపితిని.