తైలవర్ణాలలో ఆనపబుర్ర

శీతాకాలంలో అరకులోయకు వెళ్ళిన మన విద్యార్థులు వలిసెపూల పసుపును చూచి మురిసి, వాటినే కోసి తెచ్చి చిత్రించబూనుతారు. నిశ్చల వస్తుచిత్రణను నూనెరంగులతో నేర్వదలచినవారికి అవి తగవని మా అభిప్రాయం. పువ్వు త్వరగా వాడుతుంది. రంగు ఆరడానికి రోజులు పడుతుంది. నిదానంగా పనిచేసే ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ (1839–1906) అంతటివాడే కాగితపు పూలను ఆశ్రయించాడు!

మన్యంలో అంతకంటె మేలైన వస్తువున్నది: గిరిజనులు నీరు, అంబలి మోసుకొనిపోవడానికి వాడుతూ వచ్చిన ఎండు ఆనపబుర్ర. అది వాడదు, కుళ్ళదు. దానిని కిటికీ ప్రక్కన ఉంచి, వెనుక ముదురు గుడ్డ కట్టి, కన్నులు సగం మూసి చూస్తే వెలుగు, నడిమి ఛాయ, నీడ అనే మూడు భాగాలే కనబడతాయి. తొలుత ఇతర రంగుల జోలికి పోక, ఒక్క గోధుమవన్నెను టర్పెంటైనుతో పలుచన చేసి ఈ మూడింటిని నిలుపుకోవాలి.

ఇక నూనె సంగతి. నీటిరంగులోని నీరు ఆవిరైపోతుంది. అవిసెనూనె అట్లా కాదు. గాలిలోని ఆమ్లజనిని గ్రహించి గట్టిపడుతుంది. వేరుశనగనూనెకు ఆ గుణం లేదు. వలిసెనూనెకు కొంత ఉన్నది గాని అవిసెకు సాటిరాదు. నూనె తక్కువైన పొర క్రింద, ఎక్కువైనది పైన ఉండాలి. తలక్రిందులైతే పైపొర ముందుగా బిగిసి, క్రిందిది ఇంకా కదులుతూ ఉండి, చిత్రం బీటలువారుతుంది. నెలల శ్రమ వృథా. కొండ చలిలో ఆరడం మరింత ఆలస్యం కనుక తొందర కూడదు.

బుర్ర మెడపై మెరిసే చుక్క చిట్టచివర పెట్టవలసినది. అదీ శుద్ధమైన తెలుపు కాదు; కిటికీలోని ఆకాశపు నీలం కొంచెం కలిసినది.